నల్లరేగడి సీమలో పాత వంటింటి మరమ్మతు

మదురై నుంచి దక్షిణానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరసగా వస్తాయి. తమిళులు కరిసల్ అని పిలిచే నల్లరేగడి నేల ఇది. ఏడాది పొడుగునా నిండుగా పారే ఏరు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం ఇచ్చిపోయే వానే పంటకూ చెరువుకూ ప్రధాన ఆధారం. విజయనగర రాజుల కాలంలోనూ మదురై నాయకుల కాలంలోనూ తెలుగు నేల నుంచి దిగివచ్చిన కుటుంబాలు ఈ ఊళ్ల చుట్టూ స్థిరపడ్డాయి. కమ్మ నాయుళ్లు, రెడ్డియార్లు, కంబళత్తు నాయకులు, రాజపాళయం రాజులు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుతూ తరతరాలుగా ఇక్కడే ఉన్నారు. ఆ వలసను ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా మలిచిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్. దానికి కొనసాగింపుగా రాసిన నవలకు 1991లో ఆయనకు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

వంటింటి మరమ్మతు అనగానే పట్నపు దుకాణాలు తలుపుల రంగులు, గోడ పలకలు, మాడ్యులర్ అరలు చూపిస్తాయి. ఇక్కడి ఇళ్లలో మాత్రం ఆ వరస తలకిందులవుతుంది. వంటగది కట్టిన రోజున దాని ఆకారాన్ని నిర్ణయించినవి మూడు: నిప్పు, నీళ్లు, గింజలు. కట్టెపొయ్యి వెనక్కి తగ్గి గ్యాసు వచ్చింది. బిందెల వరసకు తోడు కుళాయి వచ్చింది. గాదె ఖాళీ అయి బియ్యం బస్తా వచ్చింది. గది మాత్రం పాత మూడింటికీ కొలిచి కుట్టిన చొక్కాలా అలాగే ఉండిపోయింది. ఏది మారిందో, ఏది మారలేదో చూడకుండా కొత్త తలుపులు బిగిస్తే డబ్బు ఖర్చవుతుంది గాని ఇబ్బంది తీరదు.

మూడు తరాల ఇళ్లు

పల్లెలో పాత ఇల్లంటే మట్టిగోడ, పైన తాటాకు లేదా నాటుపెంకు. వంటపాక వెనకవైపు, ఒక్కోచోట ఇంటికి అంటకుండా విడిగా ఉండేది. పొయ్యి నేలమీదే; వండేవాళ్లు ముక్కాలి పీట మీద కూర్చునేవారు. గోడపైన చిన్న కన్నం తప్ప పొగకు వేరే దారి ఉండేది కాదు. అలాగని ఆ పొగ పూర్తిగా దండగ కాదు. వాసాలకు వేలాడదీసిన విత్తనాల కంకులకు, పైకప్పు తాటాకుకు పురుగు పట్టకుండా అదే కాపాడేది. ఆ కాపుదలకు మూల్యం మాత్రం వండేవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ చెల్లించాయి.

విరుదునగర్ బజారు వీధుల్లో కథ వేరు. 1923 దాకా విరుదుపట్టిగా ఉన్న ఈ ఊరు మిరపకాయలు, ధనియాలు, పప్పులు, నూనెల వ్యాపారంతో పెరిగింది. ముందు కొట్టు, వెనక సరుకు గది, ఆ వెనక ఇల్లు. వీధి నుంచి పెరటి దాకా సన్నగా పొడుగ్గా సాగే కట్టడాలు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నపు కాంక్రీటు పరిచే మద్రాసు టెర్రసు పైకప్పు వీటి గుర్తు. వంటిల్లు చిట్టచివర, బావికి దగ్గరగా ఉంటుంది. పక్కింటి గోడలు రెండువైపులా ఆనుకుని ఉండటంతో వెలుతురు పైనుంచో పెరటి తలుపు నుంచో రావలసిందే.

మూడో రకం 1970ల నుంచి 1990ల దాకా లేచిన కాంక్రీటు ఇళ్లు. మిల్లు జీతం, అగ్గిపెట్టెల కర్మాగారం లాభం, సర్కారు కొలువు వీటిని కట్టించాయి. కోవిల్‌పట్టిలో లాయల్ టెక్స్‌టైల్ మిల్లు 1891 నుంచి ఉంది. సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి ముక్కోణం దేశానికి అగ్గిపెట్టెలు అందించింది. ఈ కాంక్రీటు ఇళ్ల వంటగది ఇద్దరు పక్కపక్కన నిలబడితే మోచేతులు తగిలేంత ఇరుకు. సిమెంటు గట్టు, దాని వెనక రెండడుగుల ఎత్తు దాకా తెల్లటి చిన్న పలకలు, గోడకు పొదిగిన కడప రాతి అరలు, తలమీద సామాను పడేసే అటక. జాతీయ భవన నియమావళి భోజనాల గది విడిగా ఉన్న ఇంట్లో వంటగదికి కనీసం 5 చదరపు మీటర్ల వైశాల్యం, 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. ఈ తరం గదులు చాలావరకు ఆ గీత దగ్గరే ఆగుతాయి. ఇప్పుడు మరమ్మతుకు వస్తున్నవాటిలో ఇవే ముఖ్యం. వీటి గోడలు గట్టివే, కొలతలే చాలవు.

నిప్పు

ఇళ్లలో ఘన ఇంధనాల, కిరోసిన్ పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తమిళనాడులో గ్యాసు పొయ్యి పేద ఇళ్లకు చేరడంలో 2006 తర్వాతి కరుణానిధి ప్రభుత్వపు ఉచిత పంపిణీకి పెద్ద పాత్ర ఉంది. కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం 2016 మే 1న మొదలైంది. అయినా నల్లరేగడి పల్లెల్లో కట్టె పూర్తిగా పోలేదు. ఎక్కడపడితే అక్కడ మొలిచే సర్కారు తుమ్మ, చేలో మిగిలే పత్తికట్టె ఊరికే దొరుకుతుంటే స్నానానికి నీళ్లు గ్యాసు మీద కాచే ఇల్లాలు అరుదు. అందుచేత ఇక్కడ తెలివైన మరమ్మతు కట్టెపొయ్యిని నిషేధించదు, పెరట్లోకి పంపుతుంది. చిన్న రేకుల పంచ, మోకాలెత్తు గట్టు, నిలువుగా పైకి పోయే పొగగొట్టం ఉంటే చాలు. దానివల్ల లోపలి గదిలోంచి పొగా బూడిదా రెండూ ఒకేసారి బయటికి వెళ్లిపోతాయి.

అలా ఖాళీ అయిన గదిలో మిగిలేది మసి. దానిమీద నేరుగా సున్నమో ఎమల్షనో కొడితే కొన్నాళ్లకే పసుపు, గోధుమ మచ్చలు పైకి తేలతాయి. ముందు గీకాలి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, మరకను పట్టి ఉంచే నూనె ప్రైమరు పూసి ఆ తర్వాతే రంగు వేయాలి. జిడ్డు లోతుగా దిగిన చోట పూత రాలగొట్టి కొత్తగా వేయడమే చవక. సున్నపు గోడ మీద మాత్రం సిమెంటు పూత పనికిరాదు. లోపలి తేమ బయటికి రాలేక ఉప్పు పూసి పెచ్చులుగా ఊడుతుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీ కోసం రెండు వారాలు ఆగినా నష్టం లేదు.

గ్యాసుకు తన నియమాలున్నాయి. 14.2 కిలోల సిలిండరు నిటారుగా నిలబడాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. ఈ గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి కారితే పైకి పోదు, నేలమట్టాన పేరుకుంటుంది. సిలిండరును గట్టు కింద దాచే అందమైన తలుపుకు కిందివైపు గాలి రంధ్రాలు లేకపోతే అది అలమారా కాదు, ప్రమాదం. సిలిండరును బయట చిన్న జాలీ గూటిలో పెట్టి గోడలోంచి రాగి గొట్టం తెచ్చే పద్ధతి ఇప్పుడు పట్టణాల్లో పెరుగుతోంది. ఆ పని గ్యాసు కంపెనీ అనుమతి ఉన్న పనివాడి చేతే చేయించాలి.

కిటికీ సంగతి ఈ సీమలో మరీ ముఖ్యం. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి కనుమల సందుల్లోంచి దూసుకొచ్చే గాలి మీదే కయత్తారు చుట్టుపక్కల గాలిమరలు తిరుగుతున్నాయి. ఆడిమాసపు గాలి అని జనం పిలిచే ఆ గాలి పడమటి కిటికీలోంచి వస్తే స్టౌ మంటను ఆర్పేస్తుంది. చిమ్నీ గొట్టం నోరు పడమరకు ఉంటే పొగను లోపలికే తోస్తుంది. పొయ్యి ఆగ్నేయంలో పెట్టి తూర్పుకు తిరిగి వండాలని వాస్తు చెబుతుంది. ఈ ప్రాంతంలో ఆ మాట గాలి లెక్కకు కూడా సరిపోవడం ఒక సౌకర్యం. చిమ్నీ కొనేవాళ్లు మోటారు శక్తికన్నా ముందు గొట్టం ఎటు పోతుందో చూసుకోవాలి. గొట్టం లేకుండా బొగ్గు వడపోతతో గాలిని గదిలోకే తిప్పి వదిలే రకం ఎండుమిర్చి పోపు ముందు నిలవదు.

ఈ అగ్గిపెట్టెల ఊళ్లలో కూడా స్టౌ వెలిగించేది ఇప్పుడు లైటరే. రూపాయి అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలైంది. వంటింట్లో దాని చోటు దీపం పక్కకు మారింది.

నీళ్లు

కోవిల్‌పట్టికి తాగునీరు తిరునెల్వేలి వైపు సీవలపేరి దగ్గర తామ్రపర్ణి నది నుంచి గొట్టాల్లో వస్తుంది. విరుదునగర్‌కు ఆనైకుట్టం జలాశయంతో పాటు తామ్రపర్ణి నీళ్లు కూడా అందుతాయి. రెండు ఊళ్లలోనూ నీళ్లు రోజూ రావన్నది ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లూ ముందే లెక్కలో వేసుకునే విషయం. ముఖ్యమంత్రిగా ఉన్న కామరాజ్ తన తల్లి శివకామి అమ్మాళ్ ఇంటికి మునిసిపాలిటీ ప్రత్యేకంగా వేసిన కుళాయిని తీయించేశారని విరుదునగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లో కుళాయి ఉండటం ఎంత పెద్ద హోదాయో ఆ ఒక్క కథ చాలు.

అమెరికాలో 1940లలో ఇలినాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు వంటగదికి ఒక త్రిభుజం గీశారు: పొయ్యి, తొట్టి (సింకు), ఫ్రిజ్. మూడు భుజాలూ కలిపి 26 అడుగులకు మించకపోతే నడక తగ్గుతుందన్నారు. నేటికీ నమూనా పుస్తకాలన్నీ దాన్నే తిప్పితిప్పి గీస్తాయి. కోవిల్‌పట్టి వంటింట్లో ఆ త్రిభుజానికి మూడో మూల ఫ్రిజ్ కాదు, నిలవనీళ్లు. వండే మనిషి రోజులో ఎక్కువసార్లు తిరిగేది బిందె లేదా డ్రమ్ము వైపే. గీత గీసేటప్పుడు తాగునీటి నిలవకు పొయ్యికీ తొట్టికీ మధ్య చోటు కేటాయిస్తే సగం మరమ్మతు అయినట్టే. గట్టులో కొంత భాగాన్ని అడుగున్నర కిందికి దించి బిందెలకు మెట్టుగా వదలడం పాత పద్ధతి. కొత్త ఇళ్లు దాన్ని వదిలేశాయి గాని నిండు బిందెను నడుమెత్తు గట్టు మీదికి ఎత్తాల్సిన ప్రతి ఉదయం దాని విలువ తెలుస్తుంది.

నీళ్లు రెండు రకాలు. గొట్టంలో వచ్చే తియ్యనీళ్లు వంటకూ తాగడానికీ. బోరులో వచ్చే ఉప్పునీళ్లు అంట్లకూ కడుగుళ్లకూ. ఒకే కుళాయిలోంచి రెండూ వచ్చేలా కలిపేస్తే తియ్యనీళ్లు అంట్లకు పోతాయి, లేదంటే ఉప్పునీళ్లు పప్పులోకి వస్తాయి. ఆ నీళ్లలో పప్పు ఉడకదు. అందుకే తొట్టి మీద రెండు కుళాయిలు, వాటికి రెండు వేరువేరు ట్యాంకులు ఉండాలి. గోడ పగలగొట్టిన రోజునే రెండు గొట్టాలూ వేసుకోవాలి. పలకలు అంటించాక గుర్తొస్తే ఖర్చు రెట్టింపు. ఉప్పునీళ్ల కుళాయికి మెరిసే క్రోమియం పూత ఎక్కువకాలం నిలవదు. తొట్టి విషయానికొస్తే రెండు గిన్నెల తొట్టి కన్నా లోతైన ఒంటి తొట్టి మేలు: ఇడ్లీ పాత్ర, బియ్యం కడిగే గుండు అందులో మునగాలి. పండగ గంగాళాలకు పెరట్లో నేలమట్టపు గచ్చు ఉండనే ఉంటుంది, దాన్ని పగలగొట్టకూడదు.

తమిళనాడు 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. వంటింటి పైకప్పు పని ఎలాగూ పెట్టుకున్నప్పుడు ఆ గొట్టాన్ని వడపోత తొట్టెకు కలపడానికి ఖర్చు పెద్దగా పెరగదు.

గింజలూ రోళ్లూ

సజ్జలు, జొన్నలు, ఊదలు, మినుములు, పెసలు నల్లరేగడి పంటలు. కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1901 నుంచి ఇలాంటి మెట్టపంటల మీదే పనిచేస్తోంది. ఏడాది గింజను మట్టి గాదెల్లో నిలవచేసి, కావలసినప్పుడు దంచి, చెరిగి, అంబలి కాచుకునే కాలంలో వంటింట్లో సగం చోటు గాదెలకూ రోళ్లకూ పోయేది. రుబ్బురోలు నేలలో పాతి ఉండేది. దాని చుట్టూ ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే మేర గది ఖాళీగా వదిలేవారు. పాత గదుల్లో కనిపించే, ఎందుకో తెలియని ఆ ఖాళీ మూల అదే.

ఆ రోలును ముందుగా కదిపింది కోయంబత్తూరు. 1955 ప్రాంతంలో అక్కడ పుట్టిన విద్యుత్ గ్రైండరు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు. 1960లలో సుమీత్ మిక్సీ వచ్చింది. 2011 సెప్టెంబరులో జయలలిత ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం కింద బియ్యం కార్డున్న ఇళ్లకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా చేరాయి. పథకం యంత్రాలను ఇచ్చింది, గోడలో సాకెట్లను ఇవ్వలేదు. ఫలితంగా ఒకే ప్లగ్గుకు బహుళ ప్లగ్గు తగిలించి, దానికి మరో తీగ లాగిన వంటగదులు ఈ తరం ఇళ్లలో కొల్లలు. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పాత తీగకు అది మోయలేని భారం. మరమ్మతులో అందరికీ కనిపించేది గ్రానైటే. మొదట డబ్బు పెట్టవలసింది మాత్రం మెయిన్ బోర్డు నుంచి వంటగదికి విడిగా వచ్చే తీగ మీద, 16 ఆంపియర్ల సాకెట్ల మీద, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే కరెంటు తెంపే రక్షణ స్విచ్చు మీద. తమిళనాడులో 2016 నుంచి రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. ఇండక్షన్ మీదే పూర్తిగా వండే ఇల్లు ఆ వంద దాటడానికి ఎక్కువ రోజులు పట్టదు.

నిలవ ఇంకా పోలేదు, రూపం మార్చుకుంది. 2011 జూన్ నుంచి రేషన్ బియ్యం ఉచితం, బస్తా ఎలాగూ ఇంటికి వస్తుంది. మిరపకాయలు, చింతపండు, ధనియాలు చవకైన రుతువులో ఏడాదికి కొని ఎండబెట్టి దాచుకునే అలవాటు విరుదునగర్ బజారుకు ఇంత దగ్గరలో ఎలా పోతుంది? నువ్వులనూనె కూడా డబ్బాల లెక్కనే. ఇదయం నూనె విరుదునగర్‌దే. చిన్న గాజు సీసాలు వరసగా నిలబడే సొగసైన సొరుగులు ఈ సరుకుకు చాలవు. బస్తా, నూనె డబ్బా, మిరపకాయల టిన్ను పట్టే ఎత్తైన సామాను గూడు ఒకటి నేల నుంచి ఏడడుగుల దాకా ఉండాలి. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేరుశెనగ చిక్కీ డబ్బాకు చోటు ఎవరూ గీయక్కర్లేదు, అది ఎక్కడో ఒకచోట ఉంటుంది.

పాత రోలునూ సన్నెకల్లునూ ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లోనూ చిన్న యుద్ధమే. పాతినదాన్ని తవ్వితే గచ్చు కొంత మేర పగులుతుంది, మోయడానికి ఇద్దరు కావాలి. పచ్చళ్లకు సన్నెకల్లును పెరటి గట్టు మీద పెట్టుకున్నవాళ్లు దాన్ని నిజంగానే వాడతారు. ముందుగదిలో పూలకుండీ కింద పెట్టినవాళ్లు వాడరు.

కాళ్లకింద నేల

నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. వేసవిలో ఆ నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. ఇంటి గోడల్లో ఏటవాలు పగుళ్లు, పైకి లేచిన గచ్చు, బిగుసుకుపోయే తలుపులు దీని పనే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలల కోసమే అడుగున ఉబ్బెత్తు ఉండే పునాది స్తంభాలను రూపొందించింది. బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి నల్లమట్టి మీద ఉబ్బని బంకమట్టి పొరను పరిచి దాన్ని అదుపు చేయవచ్చని చూపించారు. కొత్త ఇళ్లకు ఇవన్నీ సరే. ఎప్పుడో కట్టిన ఇంట్లో వంటగది మాత్రమే బాగుచేసేవాళ్లకు పునాది ముట్టుకునే అవకాశం ఉండదు.

అలాంటప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటే: నేల తేమను ఎప్పుడూ ఒకేలా ఉంచడం. ఇంట్లో నేలకింద నీళ్లు తరచుగా కారేది వంటింటి నుంచే. తొట్టి కిందనుంచి పోయే పాత మట్టిగొట్టం ఒక కీలు దగ్గర వదులైతే ఆ మూల మట్టి ఉబ్బి గోడను ఎత్తుతుంది, మిగతా గోడ ఎండిన నేలమీద అలాగే ఉంటుంది. మధ్యలో పగులు పడుతుంది. అందంగా మళ్లీ పూత పూసినా ఏడాదిలో పగులు అదే దారిలో తిరిగి వస్తుంది. కాబట్టి వంటింటి గోడలో పగులు కనిపిస్తే మేస్త్రీ కన్నా ముందు గొట్టాల పనివాణ్ణి పిలవాలి. గచ్చు తవ్వినప్పుడు కింద ఒక అడుగైనా నల్లమట్టి తీసి ఎర్రగరుసు నింపి తడిపి దిమ్మిస చేయాలి. తొట్టి నీళ్లు పెరటి అరటిచెట్టుకు పోవడం మంచిదే, ఆ చెట్టు గోడకు ఆనుకుని ఉండకపోతే.

రాయి, చెక్క, రేకు

తమిళనాడు వంటింట్లో తెలుగు నేల ఒక రూపంలో ఎప్పుడూ ఉంది. అరలకు, అటకలకు, గట్టుకు పరిచే నల్లటి కడప రాయి కడప, కర్నూలు ప్రాంతాల గనుల్లోంచి వస్తుంది. అది సున్నపురాయి. చవక, బలం బాగుంటుంది, పొయ్యి పక్కన వేడికి భయపడదు. పులుపుకు మాత్రం ఓడిపోతుంది: చింతపండు రసం, నిమ్మకాయ పడిన చోట మెరుపు పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. పాత గట్లన్నీ అలా మచ్చలు తేలడానికి కారణం అదే. దాని స్థానంలోకి వస్తున్న నల్ల గ్రానైట్లలో పేరున్న గెలాక్సీ రకం కూడా తెలుగు నేలదే. ఒంగోలు దగ్గర చీమకుర్తిలో తవ్వి ప్రపంచమంతటికీ పంపుతారు. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజపు రేకులు. పులుపు దాన్ని ఏమీ చేయదు. అయితే నిగనిగలాడే నల్లరాయి మీద ఉప్పునీటి తెల్లచారలు ఇట్టే కనబడతాయి; బోరునీళ్లు వాడే ఇంటికి నిగనిగలు లేని, కాస్త బూడిదరంగు రాయే హాయి. తీసేసిన కడప పలకలను పారేయకుండా పెరటి గచ్చుకూ సామాను గదికీ వాడితే అక్కడ వాటికి మరో తరం ఆయుష్షు ఉంటుంది.

అరల విషయంలో ఈ సీమకు నప్పేది దుకాణపు పెట్టెలు కాదు. చెక్కపొట్టు పలకలు తొట్టి కింద తేమకు ఉబ్బిపోతాయి, చెద పడుతుంది. సన్నటి ఫెర్రో సిమెంటు పలకలతోనో కడప రాతితోనో అరలు కట్టేసి, ముందు తలుపులు మాత్రం బిగించడం ఇక్కడి మేస్త్రీల అలవాటు, అదే మంచిది. చెద లోపలికి పోవడానికి అక్కడ చెక్క ఉండదు. తలుపులకు అల్యూమినియం, పీవీసీ, స్టీలు దేనికైనా స్థానికంగానే పనివాళ్లు ఉన్నారు. చెక్కే కావాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ చూడాలి. మామూలు రకాలకు వర్తించే ఐఎస్ 303లో మరుగునీటికి తట్టుకునే గ్రేడు, కాస్త తేమకు మాత్రమే తట్టుకునే గ్రేడు రెండూ ఉన్నాయి. గోడ పలకల సందులకు ఎపాక్సీ నింపితే పసుపు మరక పట్టదు. నేలకు పాత ఎర్ర ఆక్సైడ్ గచ్చు పగలకుండా ఉంటే దాన్ని తీయడం తప్పు. ఈ వేడిలో పాదాలకు దానంత చల్లగా ఏదీ ఉండదు.

కొలతలు

1926లో ఆర్కిటెక్టు మార్గరెటె ష్యూటె-లిహోట్‌స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్లకు దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడుగుతో ఒక వంటగది గీశారు. దాదాపు పదివేల ఇళ్లలో దాన్ని కట్టారు. ఇరుకు గదిలో కూడా ప్రతి చేతి కదలికనూ లెక్కవేసి అమర్చడం ఆమె గొప్ప. 1980లలో కట్టిన కోవిల్‌పట్టి వంటిల్లు వైశాల్యంలో దానికి పెద్దగా తీసిపోదు. లేనిది ఆ లెక్కే.

గట్టు ఎత్తు దగ్గర అప్పు తెచ్చుకున్న కొలత బాధపెడుతుంది. పాశ్చాత్య నమూనాల్లో 90 సెంటీమీటర్లు ఉంటుంది. భారతీయ స్త్రీ సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లే. గట్టు మీద స్టౌ, స్టౌ మీద కుక్కరు పెట్టాక మూత తీయడానికి భుజం ఎత్తాల్సి వస్తే ఆ గట్టు ఎవరి కోసం కట్టినట్టు? మోచేయి నుంచి పది, పదిహేను సెంటీమీటర్లు కిందికి కొలిస్తే 80 నుంచి 85 మధ్య తేలుతుంది. పొయ్యి ఉండే భాగాన్ని ఇంకొంచెం దించినా తప్పులేదు. కొలత పనివాడి టేపుతో కాదు, రోజూ వండే మనిషిని నిలబెట్టి తీసుకోవాలి. కత్తిపీటతో కింద కూర్చుని కూరలు తరిగే అత్తగారున్న ఇంట్లో నేలమీద ఒక మూల వెలుతురుతో ఖాళీగా వదలడం కూడా కొలతల్లో భాగమే.

గోడ తీసేసి హాలుతో కలిపే తెరిచిన వంటిల్లు ఈమధ్య ముచ్చట. సున్నపు ఇటుక గోడల ఇళ్లలో ప్రతి గోడా పైకప్పును మోస్తుంది. ఇంజనీరు దూలం లెక్క ఇవ్వకుండా గోడకు సుత్తి తగలకూడదు. అదంతా సవ్యంగా చేసినా సాంబారు మిరపకాయలు వేయించిన మధ్యాహ్నం హాల్లో ఉన్న చుట్టాలందరూ తుమ్ముతారు. మధ్యలో జారే గాజు తలుపు పెట్టుకున్నవాళ్లు తెలివైనవాళ్లు.

పనుల వరస

నేల తడికి ఉబ్బి ఉండే వానల్లో గచ్చు వేయకూడదు, నెర్రెలు విడిచిన మే నెలలోనూ వేయకూడదు. ఈశాన్య వానలు ఆగి మట్టి మధ్యస్థంగా ఉండే జనవరి, ఫిబ్రవరి అనువైనవి. శుభకార్యాలు పెట్టుకోని తమిళ మాసం మార్గళి అయిపోయి తై మాసం మొదలయ్యే రోజులు అవే కావడంతో పని మొదలుపెట్టడానికి ఇంట్లో పెద్దల అభ్యంతరం కూడా ఉండదు. కాకపోతే అందరూ అప్పుడే మొదలుపెడతారు, మేస్త్రీ దొరకడు. దీపావళికే మాట తీసుకోవాలి.

పనిలో ముందు గొట్టాలు, కరెంటు తీగలు, ఆ తర్వాత గచ్చు, పూత, గట్టు, రాయి, పలకలు, చివర తలుపులు. తాత్కాలిక వంటకు పెరటి పంచనే వాడుకోవచ్చు, కట్టెపొయ్యి కోసం దాన్ని ముందే కట్టి ఉంటే. చివరి కూలీ ఇచ్చేముందు తొట్టిని అంచుదాకా నింపి ఒక్కసారిగా వదిలి కింద కీళ్లు తడుస్తున్నాయేమో తడిమి చూడాలి. గ్యాసు కీళ్లకు సబ్బునురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. గ్రైండరు, మిక్సీ, ఇండక్షన్ ఒకేసారి నడిపి ఒక పావుగంట తర్వాత ప్లగ్గులు వేడెక్కాయేమో పట్టి చూడాలి. గచ్చు మీద చెంబెడు నీళ్లు పోస్తే తూము వైపే పోవాలి. మూలకు పోయి నిలిస్తే పలకలు ఎత్తి వాలు సరిచేయించాకే మిగతా డబ్బు ఇవ్వాలి.